సింగపూర్ రహస్య సంఘాలు, వీధి ముఠాలు

సింగపూర్‌లో పంతొమ్మిదో శతాబ్దమంతా వెలిగిన చైనీయుల రహస్య సంఘాలనూ, అవి చెదిరిపోయాక ఇరవయ్యో శతాబ్దంలో పుట్టుకొచ్చిన వీధి ముఠాలనూ ఒకే గాటన కట్టడం మామూలే. పేర్లలో, ప్రమాణాల్లో, గుర్తుల్లో వీటికి చుట్టరికం ఉన్నమాట నిజమే. స్వభావంలో మాత్రం పోలిక తక్కువ. పాత సంఘం కొత్తగా దిగిన కూలీకి అన్నం పెట్టేది, అప్పిచ్చేది, తగువు తీర్చేది, చచ్చిపోతే పాతిపెట్టేది. ఆ చేత్తోనే వాడి రెక్కల కష్టాన్ని మింగేది. తర్వాతి ముఠాలు మామూళ్లు దండుకోవడం ఒక్కటే నేర్చుకున్నాయి. ఈ క్షీణతకు పోలీసుల దెబ్బ ఒక కారణం. ప్రభుత్వం తన పనులు తాను చేయడం మొదలుపెట్టడం అంతకన్నా పెద్ద కారణం.

పుట్టుక

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి స్టాంఫర్డ్ రాఫెల్స్ 1819లో సింగపూర్ రేవుకు పునాది వేశాడు. 1826లో పినాంగ్, మలక్కా, సింగపూర్‌లను కలిపి స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్ అన్నారు. 1867లో నేరుగా బ్రిటిష్ రాణి పాలనలోకి వెళ్లేదాకా వీటి పాలన మన కలకత్తా కనుసన్నల్లోనే నడిచింది. కావలికి మద్రాసు పటాలాలు వెళ్లేవి. రోడ్లు వేయడానికి, బురద నేలలు పూడ్చడానికి మద్రాసు, బెంగాల్ జైళ్ల నుంచి ద్వీపాంతర శిక్ష పడిన ఖైదీలను 1825 నుంచి ఓడల్లో దించారు. ఊరు నిండింది మాత్రం దక్షిణ చైనా నుంచి వచ్చినవాళ్లతో. 1836లో దాదాపు 30 వేల జనాభాలో చైనీయులు 14 వేలకు కాస్త తక్కువ; 1881 నాటికి 1,39,208 మందిలో 86,766 మంది వాళ్లే.

వాళ్లంతా ఒకే భాష మాట్లాడేవాళ్లు కారు. హొక్కియన్, తియోచ్యూ, కాంటనీస్, హక్కా, హైనానీస్ అని ఎవరి మాట వారిది, ఎవరి దేవుడు వారికి, ఎవరి వీధి వారిది. పాలించే దొరలకు వీటిలో ఒక్కటీ రాదు. 1870ల దాకా చైనీయుల భాష మాట్లాడీ చదివీ అర్థం చేసుకోగల ఐరోపా అధికారి ఒక్కడూ ఆ ఊళ్లో లేడంటే పాలన ఎంత పైపైన సాగిందో ఊహించుకోవచ్చు. ఫిర్యాదుకు కోర్టుకెళ్తే దుబాసీ ఏం చెబితే అదే సాక్ష్యం.

ఈ ఖాళీలోకి వచ్చింది తియాన్‌దీహుయ్, అంటే భూమ్యాకాశాల సంఘం. చైనాలో మంచూల చింగ్ వంశాన్ని కూలదోసి పాత మింగ్ వంశాన్ని నిలబెట్టడమే ధ్యేయమని ఈ సంఘం చెప్పుకునేది. చింగ్ చక్రవర్తి తగలబెట్టించిన షావోలిన్ మఠం నుంచి ప్రాణాలతో బయటపడ్డ ఐదుగురు సన్యాసులు తమ మూలపురుషులని ఒక కథ. చరిత్రకారులు దస్త్రాలు వెదికి తేల్చిందేమంటే ఈ సంఘం 1760ల్లో ఫూజియన్ ప్రాంతంలో పరస్పర సహాయం కోసం పుట్టిందని. సన్యాసుల కథ, సింహాసనం కథ తర్వాత అల్లుకున్నవి. సింగపూర్‌లో దీని ప్రధాన శాఖ పేరు ఘీ హిన్. భాషల వారీగా దానికి ఉపశాఖలుండేవి. వాటితోపాటు ఘీ హొక్, హై సాన్ వంటి వేరు కుంపట్లు కూడా వెలిశాయి. చట్టం కన్నుగప్పి నడిచేవి కావు గనుక మొదట్లో వీటిని రహస్య సంఘాలనడం కూడా అంత సబబు కాదు. వాటి భవనాలు అందరికీ తెలుసు, పెద్దలెవరో అందరికీ తెలుసు. రహస్యమల్లా లోపల జరిగే తంతు.

దీక్ష

ఆ తంతును చూసి రాసిన తొలి సాక్షుల్లో మలయ్ రచయిత మున్షీ అబ్దుల్లా ఒకడు. రాఫెల్స్ దగ్గర లేఖకుడిగా పనిచేసిన ఇతడు 1820ల్లో ఊరి బయటి అడవిలో ఉన్న సంఘం స్థావరానికి ఒక చైనీయ మిత్రుడి సాయంతో దొంగచాటుగా వెళ్లి, చాటునుంచి చూసిన సంగతులను 1849లో అచ్చయిన తన ఆత్మకథ ‘హికాయత్ అబ్దుల్లా’లో రాశాడు. చేరనన్నవాడిని కొట్టి హింసించడం కూడా అందులో ఉంది. తర్వాత 1870ల్లో అధికారులే అతిథులుగా వెళ్లి దీక్షలు చూశారు.

తంతు రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లవారుజాము దాకా సాగేది. కొత్తవాళ్లు చింగ్ ఏలుబడికి గుర్తయిన జడను విప్పేసుకోవాలి. కాళ్లకు చెప్పులు ఉండకూడదు, ఒక భుజం మీద బట్ట ఉండకూడదు. ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న ద్వారాల దగ్గర కాపలావాళ్లు ప్రశ్నలు వేస్తారు. జవాబులు ముందే నేర్పి ఉంటారు. ఎత్తిపట్టిన కత్తుల వరుస కింద వంగి నడవాలి. లోపల అరుగు మీద బియ్యం నింపిన కొలపాత్ర, అందులో గుచ్చిన జెండాలు, కత్తి, త్రాసు. 36 ప్రమాణాలు చదివి వినిపించి ఆ కాగితాన్ని కాల్చేస్తారు. తెల్ల కోడిపుంజు తల నరికి, మాట తప్పినవాడికి ఇదే గతి అంటారు. ఆఖరున అందరూ వేలు పొడుచుకుని, నెత్తుటి చుక్కలు కలిపిన సారాను ఒకే గిన్నెలోంచి తలా ఒక గుక్క తాగుతారు. అక్కడితో ఇంటిపేర్లు పోయి అందరూ హుంగ్ కుటుంబీకులవుతారు. 

ఎక్కడో మారుమూల పల్లెలో తల్లినీ పెళ్లాన్నీ వదిలి, ఓడ కిరాయి కూడా అప్పుగా తెచ్చుకుని దిగిన పాతికేళ్ల కుర్రాడికి ఆ రాత్రితో వందల మంది అన్నదమ్ములు దొరికేవాళ్లు. సంఘంలో ఎందుకు చేరేవాళ్లన్న ప్రశ్నకు ఇంతకన్నా పెద్ద సమాధానం అక్కర్లేదు. 1880ల చివర సింగపూర్‌లో నమోదైన సభ్యులే 60 వేలకు పైగా ఉన్నారు. ఊళ్లో చైనీయ మగవాళ్లలో సంఘం గొడుగు కింద లేనివాడు అరుదు.

నల్లమందు, జూదం, కూలీలు

కంపెనీ దొరలు సింగపూర్‌ను పన్నుల్లేని రేవుగా ప్రకటించారు. ఓడల మీదా సరుకుల మీదా సుంకం లేకపోతే పాలనకు డబ్బెక్కడిది? నల్లమందు, సారా వంటి వాటి అమ్మకం హక్కును వేలం పాట పెట్టి గుత్తకిచ్చారు. సారా పాటల కాలం చూసిన తెలుగువాళ్లకు దీని పోకడ వివరించనక్కర్లేదు: పాట పాడుకున్నవాడు సర్కారుకు కట్టాల్సింది కట్టి, మిగతాది జనం దగ్గర ఎలా పిండుకున్నా అడిగేవాడు లేడు. పంతొమ్మిదో శతాబ్దంలో సర్కారు రాబడిలో దాదాపు సగం ఒక్క నల్లమందు గుత్త నుంచే వచ్చేది.

గుత్తదారు ఒంటరిగా నెగ్గుకురాలేడు. దొంగ నల్లమందు రాకుండా కాపలా కావాలి, పోటీదారును బెదిరించాలి, బాకీలు వసూలు చేయాలి. అందుకు మనుషులను సరఫరా చేసింది సంఘాలు. ఇలా సంఘాల కోసం కొట్లాడే బాడుగ వస్తాదులను ఊళ్లో సామ్‌సెంగ్‌లు అనేవారు. సర్కారు రాబడి వీళ్ల కండల మీద ఆధారపడి ఉందన్న సంగతి దొరలకు తెలియనిది కాదు. అందుకే ఏ అల్లరి జరిగినా సంఘాలను రద్దు చేయడానికి అన్నేళ్లు వెనకాడారు. జూదానికి మొదట్లో గుత్త ఉండేది గానీ 1829లో తీసేశారు. అయినా జూదం ఆగలేదు. లాభం సర్కారుకు బదులు సంఘాలకు, వాళ్లు మేపిన పోలీసులకు చేరింది. చైనాటౌన్‌లోని చైనా స్ట్రీట్‌ను హొక్కియన్‌లో ‘జూదపు ఇళ్ల మొగదల’ అనే పిలిచేవారు.

కూలీల వ్యాపారం ఇంకా ఘోరం. చైనా రేవుల్లో దళారులు పోగేసిన మనుషులను ఓడ కిరాయి అప్పు మీద తెచ్చి, అప్పు తీర్చేదాకా ఇళ్లలో బంధించి, మిరియాల తోటలకూ గాంబియర్ తోటలకూ, మలయా తగరపు గనులకూ, సుమత్రా పొగాకు తోటలకూ అమ్మేవారు. వీళ్లను ‘పంది పిల్లలు’ అనేవారు. పారిపోకుండా కాపలా కాసిందీ సంఘాల మనుషులే, యజమాని కొట్టి చంపబోతే అడ్డుపడిందీ ఒక్కోసారి వాళ్లే. ఆడవాళ్లు అతి తక్కువగా ఉన్న ఆ ఊళ్లో వేశ్యాగృహాల చుట్టూ కూడా ఇదే ఏర్పాటు ఉండేది. సంఘాన్ని పేదల రక్షకుడిగా పొగిడేవాళ్లూ, పచ్చి దోపిడీ దళంగా తిట్టేవాళ్లూ చెరో సగమే చూస్తారు.

అల్లర్లు

1851లో ఊరికి దూరంగా తోటల్లో ఉంటున్న చైనీయ క్రైస్తవుల మీద దాడులు జరిగాయి. క్యాథలిక్కులైనవాళ్లు సంఘం మాట వినడం మానేసి ఫాదిరీ మాట వింటున్నారన్నది అక్కసు. వందల మంది చనిపోయారని అప్పటి కథనాలు. మూడేళ్లు తిరిగాక, 1854 మేలో, అంతకన్నా పెద్ద మంట రేగింది. బజారులో ఐదు కాటీల బియ్యం తూకం దగ్గర, అంటే మూడు కిలోల బియ్యం కోసం, మాటామాటా పెరిగింది. గంటల్లో హొక్కియన్లు ఒకవైపు, తియోచ్యూలు, కాంటనీసులు మరోవైపు మోహరించారు. పది రోజులకు పైగా ఊళ్లోనూ పల్లెల్లోనూ ఇళ్లు తగలబెట్టుకున్నారు, నరుక్కున్నారు. 400 మంది దాకా చనిపోయినట్టు లెక్క. సైన్యాన్ని, ఓడల మీది నావికులను దింపితే గానీ అణగలేదు. బియ్యం నెపం మాత్రమే. చైనాలోని అమోయ్ రేవును కొన్నాళ్లు పట్టుకుని ఓడిపోయిన తిరుగుబాటుదార్లకు చందాలివ్వడానికి హొక్కియన్లు ఒప్పుకోకపోవడం, అక్కణ్నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో ఊరు కిక్కిరిసిపోవడం అసలు కారణాలని చెబుతారు.

1859 నుంచి 1867 దాకా గవర్నరుగా ఉన్న ఒర్ఫియర్ కావెనా దీనికొక చిట్కా కనిపెట్టాడు. కొట్లాట మొదలైందని కబురు రాగానే రెండు సంఘాల పెద్దలనూ పిలిపించి, ప్రత్యేక కానిస్టేబుళ్లుగా ప్రమాణం చేయించి, పోలీసుల వెంట వీధులు తిరగమనేవాడు. బొజ్జలు వేసుకుని బళ్లలో తిరగడం అలవాటైన షావుకార్లు ఎండలో చెమటలు కక్కుతూ నడవాలి. కొట్లాట ఆగేదాకా వాళ్లకు సెలవు లేదు. విచిత్రంగా కొట్లాటలు త్వరత్వరగా ఆగేవి. పోలీసుల చేతకానిది ఆ పెద్దల కనుసైగతో అయ్యేదన్నమాట. అదే ఈ చిట్కా బయటపెట్టిన నిజం.

ఈ కథ చైనీయులతోనే ఆగలేదు. పినాంగ్‌లో భారతీయ ముస్లింలు, మలయ్‌లు ఎర్ర జెండా, తెల్ల జెండా సంఘాలుగా చీలి ఉండేవారు. మద్రాసు పటాలాలూ ఖైదీలూ వెంట తెచ్చుకున్న మొహర్రం ఊరేగింపులు, మన పీర్ల పండుగ లాంటివే, ఈ జెండాలకు వేదికయ్యాయి. 1867 ఆగస్టులో పినాంగ్‌లో ఘీ హిన్ పక్షాన తెల్ల జెండా, దాని శత్రువు తో పెహ్ కాంగ్ పక్షాన ఎర్ర జెండా చేరి పది రోజులు పోరాడాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఈ సంఘాల చరిత్ర రాసిన పోలీసు అధికారి వైన్ తన పుస్తకానికి ‘ట్రయడ్ అండ్ తాబుత్’ (ట్రయడ్ అంటే భూమ్యాకాశాల సంఘం) అని పేరు పెట్టడం వెనుక ఉన్నది ఈ పీర్ల ఊరేగింపే. పినాంగ్ అల్లర్ల మీద విచారణ జరిగి, 1869లో సంఘాలు పేర్లు నమోదు చేసుకోవాలన్న చట్టం వచ్చింది. నమోదు చేసుకోవాలన్నారే గానీ మూసేయమనలేదు.

పికరింగ్

విలియం పికరింగ్ 1872లో దుబాసీగా సింగపూర్ వచ్చాడు. అంతకుముందు చైనాలోనూ తైవాన్‌లోనూ ఏళ్ల తరబడి ఉండి మాండరిన్, హొక్కియన్, కాంటనీస్ వంటివి గడగడా మాట్లాడటం నేర్చినవాడు. చదవడమూ వచ్చు. వచ్చీ రాగానే కోర్టులోని పాత తర్జుమాలు తిరగేస్తే, సర్కారు ప్రకటనల్లోనే దొరలను ఎర్రజుట్టు మ్లేచ్ఛులనీ పోలీసులను పెద్ద కుక్కలనీ రాసి ఉందట. దాన్నే ఊరంతా గోడల మీద అంటించారు. దొరలకేమో అది అర్థమయ్యే మార్గం లేదు.

1877లో చైనీయుల రక్షక కార్యాలయం పెట్టి పికరింగ్‌ను దానికి అధిపతిని చేశారు. ఓడ దిగిన ప్రతి కూలీనీ ఇతని మనుషులు కలిసి, ఎంత అప్పుందో, ఎక్కడికి పోతున్నాడో రాసుకునేవారు. ఒప్పందం ఇష్టపూర్వకంగా చేసుకున్నదా కాదా అని అడిగేవారు. జీతాల తగువులు, కుటుంబ తగువులు, వేశ్యాగృహాల నుంచి పారిపోయి వచ్చిన ఆడపిల్లల మొర, అన్నీ ఆ గుమ్మం దగ్గరికే చేరాయి. కొన్నాళ్లకు జనం ఆ కార్యాలయాన్నే ‘పికిలిన్’ అనడం మొదలుపెట్టారు. అతడు వెళ్లిపోయాక కూడా ఆ పేరు నిలిచింది. మనిషి పొడగరి, సాహసి, బ్యాగ్‌పైపు వాయించే అలవాటున్నవాడు. మలయా అడవుల్లో సంఘాల మధ్య రాజీ కుదర్చడానికి కూడా వెళ్లేవాడు. సంఘాలను ఒక్కసారిగా మూసేస్తే పేరుపేరునా తెలిసిన పెద్దలు పోయి ఊరూపేరూ తెలియని దుండగులు మిగులుతారని అతని వాదన. అందుకని నమోదు చేయించి, లెక్కలడిగి, తప్పు చేసిన పెద్దలను దేశం నుంచి వెళ్లగొట్టి, మెల్లగా ఊపిరి తీయాలన్నాడు.

సంఘాలకు ఇది అర్థం కాకపోలేదు. 1887 జులై 18న చువా ఆ సియోక్ అనే తియోచ్యూ వడ్రంగి ఏదో అర్జీ పెట్టుకోవడానికి వచ్చినవాడిలా కార్యాలయంలోకి వచ్చి, బల్ల ముందు కూర్చున్న పికరింగ్ ముఖం మీదికి గొడ్డలి విసిరాడు. నుదుటికి దెబ్బ తగిలింది. వాడు ఘీ హొక్ సభ్యుడు. జూదం మీద బిగిస్తున్న పట్టు ఈ దాడికి కారణమని తేలింది. పికరింగ్ బతికాడు గానీ మునుపటి మనిషి కాలేకపోయాడు. కొద్దికాలానికే ఉద్యోగం వదిలి స్వదేశం వెళ్లిపోయాడు.

గవర్నర్ సెసిల్ క్లెమెంటి స్మిత్‌కు నెమ్మదిగా పోయే ఓపిక లేదు. 1889లో సంఘాల చట్టం చేయించి 1890 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చాడు. ఘీ హిన్ వంటివి చట్టవిరుద్ధమయ్యాయి. ముద్రలూ దీక్షా పత్రాలూ అధికారుల ఎదుటే కాల్చేశారు, ఆస్తులు అమ్మేశారు. సంఘాల పెద్దలకు బదులు మాట్లాడటానికి భాషల వారీగా వ్యాపారులతో చైనీయ సలహా మండలి పెట్టారు. జలసంధికి అవతల జొహోర్ సుల్తాను మాత్రం తన రాజ్యంలో ఘీ హిన్‌ను ఇంకో పాతికేళ్లు కొనసాగనిచ్చాడు. అతనికి తోటలు కావాలి, తోటలకు కూలీలు కావాలి.

చిల్లర ముఠాల కాలం

పికరింగ్ భయపడ్డదే జరిగింది. పెద్ద మానులు కూలాక వాటి మొదళ్ల దగ్గర పొదలు లేచాయి. వీధికో ముఠా, రేవు మెట్లకో ముఠా. దీక్షా తంతు కుదించుకుపోయి ఒక కోడి, నాలుగు అగరొత్తులు, కొన్ని ప్రమాణాల దగ్గర ఆగింది. చైనాలో విప్లవం కోసం సున్ యట్ సెన్ 1906లో సింగపూర్‌లో తన పార్టీ శాఖ పెట్టినప్పుడు, చింగ్ వంశాన్ని కూలదోయాలన్న పాత ప్రతిజ్ఞను గుర్తుచేసి కొన్ని ముఠాలను అటు తిప్పుకున్నారు. 1912లో చింగ్ వంశం నిజంగానే కూలింది. ఆ తర్వాత వాళ్లకు చెప్పుకోవడానికి రాజకీయ ధ్యేయమంటూ ఏదీ మిగల్లేదు. 1920ల్లో తుపాకుల కొట్లాటలు ఎంత ఎక్కువయ్యాయంటే సింగపూర్‌కు ‘తూర్పు షికాగో’ అని పేరొచ్చింది.

1942 ఫిబ్రవరిలో ఊరు జపాన్ సైన్యం చేతికి చిక్కింది. ‘సూక్ చింగ్’ పేరిట చైనీయ మగవాళ్లను వరసలో నిలబెట్టి ఏరి, సముద్రతీరాలకు తీసుకెళ్లి కాల్చి చంపారు. ఆ ఏరివేతలో ఒంటి మీద పచ్చబొట్టు ఉండటం ఒక ప్రమాదపు గుర్తు. పచ్చబొట్టున్నవాడు రహస్య సంఘం మనిషని జపాన్ సైనికుల లెక్క. ముఠాలతో ఏ సంబంధమూ లేని ఎందరో ఆ గుర్తుతో పోయారు.

అంకెల ముఠాలు

యుద్ధం ముగిశాక కరువు, నిరుద్యోగం, కిక్కిరిసిన గుడిసెలు. సంఘాల చట్టాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టి 1947లో మళ్లీ బిగించారు గానీ అప్పటికే ముఠాలు ఊరిని పంచుకున్నాయి. ఇప్పటి పేర్లు అంకెలు. చైనా పురాణగాథ ‘జలతీరం’లోని 108 మంది వీరులు, వాళ్లలో 36 మంది ఆకాశపు వాళ్లు, 72 మంది భూమివాళ్లు అన్న లెక్క ముఠాలకు పవిత్రం. 108 ఒక కూటమి, 24 ఒకటి, 18 ఒకటి, 36 ఒకటి, 8 ఒకటి. కూటమి అంకె వచ్చేలా కూడి కొత్త పేర్లు కట్టేవారు. నేటికీ వినిపించే ‘సలకౌ’ అంటే హొక్కియన్‌లో మూడు, ఆరు, తొమ్మిది, కూడితే 18.

బజారులో నడిచే కుర్రాడిని ఎదురుగా వచ్చినవాడు ఆపి ‘ఎక్కడ ఆడతావ్?’ అని అడిగితే దానర్థం ఏ ముఠా అని. తప్పు జవాబు చెబితే కత్తి. కళ్లలోకి సూటిగా చూసినా నేరమే. తేరిపార చూశాడన్న కారణానికే జరిగిన హత్యలు కోర్టు దస్త్రాల్లో కొల్లలు. నాటు కత్తులు, సైకిలు గొలుసులు, యాసిడ్ నింపిన కరెంటు బల్బులు ఆయుధాలు. బల్బు విసిరితే పగిలి ముఖం కాలుతుంది, ఆనవాలు దొరకదు. ఆదాయమంతా మామూళ్లే: తోపుడు బళ్లవాళ్లు, సినిమా హాళ్ల దగ్గర దుకాణాలు, కట్టుబడి కంట్రాక్టర్లు, క్యాబరేల్లో పాడే ఆడవాళ్లు, రేవు కూలీలు. గొడవ ముదిరితే కాఫీ హోటల్లో ఇరువైపుల పెద్దలు కూర్చుని ‘మాటలు’ పెట్టేవారు. తప్పున్నవాళ్లు విందు ఖర్చో ఎర్ర గుడ్డో ఇచ్చుకోవాలి. బార్లలో పనిచేసే ఆడవాళ్ల కోసం ఆడవాళ్లే నడిపిన ‘ఎర్ర సీతాకోకచిలుక’ అనే ముఠా కూడా ఆ రోజుల్లో ఉండేది.

ముఠాలను వాడుకోవడానికి రాజకీయులు వెనకాడలేదు. 1957 ఉప ఎన్నికల్లో జరిగిన అక్రమాల మీద ఇలియాస్ విచారణ సంఘం వేశారు. రౌడీలతో ఓటర్లను బెదిరించడం, బళ్లలో పోలింగు కేంద్రాలకు తోలుకెళ్లడం అందులో బయటపడ్డాయి. 1959 సాధారణ ఎన్నికల నుంచి సింగపూర్‌లో ఓటేయడం తప్పనిసరి చేయడానికి ఈ అనుభవం కూడా కారణం.

పులావ్ సెనాంగ్

సమ్మెలూ అల్లర్లూ అణచడానికి 1955లో తాత్కాలిక నిబంధనల నేర చట్టం తెచ్చారు. సాక్షులు భయంతో నోరు మెదపకపోవడంతో ముఠా కేసులు కోర్టుల్లో నిలబడేవి కావు. 1958లో ఆ చట్టాన్ని సవరించి, ముఠా సభ్యులని అనుమానం ఉన్నవాళ్లను విచారణ లేకుండానే నిర్బంధించే అధికారం సర్కారు తీసుకుంది. మన పీడీ యాక్టుకు దగ్గరి చుట్టం. 1959లో గెలిచి లీ క్వాన్ యూ నాయకత్వంలో గద్దెనెక్కిన పీపుల్స్ యాక్షన్ పార్టీ ఆ అధికారాన్ని ధారాళంగా వాడింది. చాంగీ జైలు నిండింది.

ఇలా పట్టుకున్నవాళ్లను ఏం చేయాలి? 1960 జూన్‌లో దక్షిణాన ఉన్న పులావ్ సెనాంగ్ దీవికి 50 మంది నిర్బంధితులను జైలు అధికారి డేనియల్ డటన్ వెంట పంపారు. మలయ్ భాషలో ఆ పేరుకు హాయిగా ఉండే దీవి అని అర్థం. కష్టపడి పని చేయిస్తే ఎంతటి మొరటు మనిషైనా మారతాడని ఐర్లండ్‌కు చెందిన డటన్ గట్టిగా నమ్మాడు. గోడలు లేవు, కాపలావాళ్ల చేతుల్లో తుపాకులు లేవు. అడవి కొట్టి, రోడ్లు వేసి, బ్యారకులు, వంటశాలలు, తోటలు, అన్నీ నిర్బంధితులే కట్టారు. మూడొందల మంది దాకా చేరారు. విదేశీయులు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్లారు. బాగుపడ్డారనుకున్నవాళ్లను ఊళ్లోకి వదిలేశారు కూడా.

పని గంటలు మాత్రం పెరుగుతూ పోయాయి. రేవు వంతెన పని అదనపు గంటల్లో చేయమంటే 13 మంది వడ్రంగులు ఒప్పుకోలేదు. డటన్ వాళ్లను తిరిగి చాంగీ జైలుకు పంపేశాడు. విడుదల కోసం రోజులు లెక్కపెట్టుకునే మనిషికి దానంత శిక్ష లేదు. 1963 జులై 12న భోజనాల వేళ దాటాక గొడ్డళ్లు, పారలు, కత్తులు లేచాయి. డటన్ వైర్‌లెస్ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే పైకప్పు నుంచి పెట్రోలు పోసి నిప్పంటించారు. అతనూ, ముగ్గురు సహాయ అధికారులూ చనిపోయారు. మూడేళ్లు కట్టినదంతా గంటలోపే బూడిదైంది.

58 మంది మీద ఒకే కేసుగా విచారణ జరిగింది. జ్యూరీ తీర్పు మేరకు 18 మందికి మరణశిక్ష, 18 మందికి మారణాయుధాలతో అల్లర్ల కింద, మరో 11 మందికి అల్లర్ల కింద జైలు. 11 మంది నిర్దోషులు. మరణశిక్ష పడ్డ 18 మందినీ 1965 అక్టోబర్ 29న ఉరి తీశారు. దీవిలో ఆ ప్రయోగం మళ్లీ చేయలేదు. ప్రయోగం ఓడిపోయిందన్నది వాడుకలో ఉన్న మాట. వడ్రంగుల సంగతి చూస్తే, ఓడిపోయింది పని మీద నమ్మకం కన్నా ఆ పనికి హద్దు పెట్టలేని అధికారమేమో అనిపిస్తుంది.

ఫ్లాట్లు

ముఠాల నడుం విరిచింది జైలు ఒక్కటే కాదు. 1960 ఫిబ్రవరిలో ఏర్పడ్డ గృహ నిర్మాణ మండలి ఐదేళ్లలో 54,430 ఇళ్లు కట్టింది. ముఠాలకు పెట్టనికోటగా పేరున్న బుకిత్ హో స్వీ గుడిసెలు 1961 మే 25న అగ్నికి ఆహుతై 16 వేల మంది నిలువ నీడ లేనివారైతే, ఆ నేల మీదే కొద్దికాలంలో ఫ్లాట్లు లేచాయి. సందుగొందుల్లో పోలీసు అడుగు పెట్టగానే ఈల వేసి కబురందించే ఏర్పాటు పన్నెండంతస్తుల వరండాల్లో పనిచేయదు. పాత పేటవాళ్లు తలో మూలకూ చెదిరారు. ఫ్యాక్టరీలు వచ్చి ఉద్యోగాలు దొరికాయి. 1967లో పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లకు సైనిక సేవ తప్పనిసరైంది. తోపుడు బళ్లవాళ్లకు లైసెన్సులిచ్చి సర్కారే కట్టిన హాకర్ సెంటర్లలో కూర్చోబెట్టాక, మామూళ్లు అడిగేవాడికి గిరాకీ తగ్గింది. పోగా మిగిలిన మొనగాళ్లు కొందరు ఐరోపా దారి పట్టారు; 1970ల్లో ఆమ్‌స్టర్‌డామ్ హెరాయిన్ వ్యాపారంలో పేరుపడ్డ ‘ఆ కాంగ్’ ముఠా సింగపూర్ చైనీయులదే.

ఈ ఏళ్లలో ముఠాలు చైనీయులకే పరిమితం కాకుండా పోయాయి. జైల్లో చైనీయ ముఠాల పెత్తనం భరించలేక 1980ల చివర చాంగీలో పుట్టిన ‘ఒమేగా’ మలయ్ కుర్రాళ్లది. ఆ తర్వాత మలయ్‌లూ తమిళులూ కలిసిన ముఠాలు కూడా కనిపించాయి. వీటికి భూమ్యాకాశాల సంఘంతో ఉన్న బంధుత్వం పేరుకే.

ఇప్పుడు

సింగపూర్ పోలీసు శాఖలో రహస్య సంఘాల విభాగం ఇప్పటికీ ఉంది. చట్టవిరుద్ధ సంఘంలో సభ్యుడైతే మూడేళ్ల దాకా జైలు, ఐదు వేల డాలర్ల దాకా జరిమానా. పట్టుబడేది ఎక్కువగా చదువు మానేసిన కుర్రాళ్లు. షాపింగ్ మాల్‌లో చూపులు కలిసి మొదలైన గొడవలు అడపాదడపా హత్యలదాకా పోతున్నాయి. 2010లో పసీర్ రిస్‌లోని ఒక వినోద కేంద్రంలో పందొమ్మిదేళ్ల విద్యార్థిని కత్తులతో నరికి చంపిన ఘటన తర్వాత బడుల చుట్టూ నిఘా పెంచారు.

విచారణ లేని నిర్బంధం కూడా కొనసాగుతోంది. ప్రభుత్వ న్యాయవాది సమ్మతితో హోం మంత్రి ఒక మనిషిని ఒకసారికి 12 నెలలు నిర్బంధించవచ్చు, ఆ గడువును పొడిగిస్తూ పోవచ్చు. ఒక సలహా సంఘం ఆ ఉత్తర్వులను సమీక్షిస్తుంది. ఫుట్‌బాల్ మ్యాచుల ఫిక్సింగ్ ఆరోపణల మీద 2013లో నిర్బంధించిన డాన్ టాన్ విషయంలో, అతని వల్ల సింగపూర్ శాంతిభద్రతలకు ముప్పేమిటో ఉత్తర్వులో చూపలేదంటూ అప్పీలు కోర్టు 2015లో దాన్ని కొట్టేసింది. 2018లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, ఏయే నేరాలకు ఈ నిర్బంధం వర్తిస్తుందో జాబితా చేర్చింది; మంత్రి నిర్ణయమే తుది నిర్ణయమని కూడా రాసుకుంది. 1955లో తాత్కాలికమని తెచ్చిన ఆ చట్టాన్ని 2024లో ఇంకో ఐదేళ్లు పొడిగించారు. 2029 అక్టోబర్ దాకా అది అమల్లో ఉంటుంది.